మా ఇంటికొచ్చిన నీళ్ళ తుపాకి

కిందటేడు శ్రావణమాసంలో ఒక శుక్రవారంనాడు మా అమ్మ తులసికోటలో నీళ్ళు పోద్దామని పెరట్లోకి వెళ్ళి, పాచిమీద కాలు జారి పడింది. 78 ఏళ్ళ మనిషి. పడేటప్పుడు చెయ్యి ఆనించింది కాబోలు, కుడిచేతి మణికట్టు విరిగింది. "తుంటి విరక్కుండా బయటపడ్డారు, అదే పదివేలు" అన్నాడు డాక్టరు. ఆరు వారాలు చేతికి పిండికట్టు. అందులోంచి బయటపడేలోగానే ఆవిడ ఒక నిశ్చయానికి వచ్చేసింది. ఇక పెరట్లో కాలు పెట్టనంటే పెట్టనంది. వంటింటి గుమ్మంలో నిలబడి, అక్కణ్ణుంచే తులసమ్మకు దణ్ణం పెట్టుకుని లోపలికి వచ్చేసేది. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాటినుంచి ఒక్కరోజు తప్పకుండా ఆ కోట చుట్టూ తిరిగిన మనిషి అలా గుమ్మం పట్టుకుని నిలబడితే చూడటం నాకు కష్టంగా ఉండేది.

మా ఇల్లు రాజమహేంద్రవరంలో పాతకాలపు ఇల్లు. వెనక 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పెరడు. అంతా నాపరాళ్ళు పరిచి ఉంటుంది. వానాకాలం వచ్చిందంటే ఆ రాళ్ళమీద పచ్చటి పాచి పట్టుపరికిణీలా పరుచుకుంటుంది. పనిమనిషి నెలకోసారి కొబ్బరిచీపురుతో నడుం పడిపోయేటట్టు తోమేది. అందుకు జీతం కాక విడిగా 500 రూపాయలు ఇచ్చేవాళ్ళం. పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ పాచి.

ఇలా ఉండగా ఒక ఆదివారం మా ఆవిడ ప్రహరీగోడమీదుగా పక్కింటి ఇంజనీరుగారు కారు కడగటం చూసింది. ఆయన చేతిలో తుపాకిలాంటిదొకటి ఉంది. మీట నొక్కితే నీళ్ళు 'జుయ్' మని వస్తున్నాయి. వారం రోజుల బురద అరనిమిషంలో జారిపోయింది.

"ఏవండీ, అదేదో ప్రెషర్ వాషరుట. మనమూ ఒకటి కొంటే అత్తయ్యగారు మళ్ళీ పెరట్లో తిరగొచ్చుగదా!" అంది.

నేను ముప్పైమూడేళ్ళు లెక్కలు చెప్పిన మేస్టర్ని. దేనికైనా కాగితం, కలం దగ్గర పెట్టుకుంటేగాని నాకు ఆలోచన సాగదు. వెంటనే లెక్క వేశాను. యంత్రం ఖరీదు 9,000. పెరడు తోమినందుకు పనిమనిషికి వానాకాలం నాలుగునెలలూ నెలకు 500 చొప్పున 2,000. కారు నెలకోసారి వాటర్ సర్వీసింగుకు ఇస్తే 400 చొప్పున ఏడాదికి 4,800. మొత్తం 6,800 మిగులు. అంటే పదహారు నెలల్లో యంత్రం సొమ్ము రాబడుతుంది. కాగితం మా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చదివి, నా చేతిలో కలం తీసుకుని, పనిమనిషి 2,000 మీద అడ్డంగా గీత కొట్టింది. "దాని పొట్ట కొట్టి మిగుల్చుకునేది మనకేమీ వద్దు. ఈ గీత కొట్టాకకూడా గిట్టుబాటయితేనే కొనండి" అంది.

గీత కొట్టాక లెక్క రెండేళ్ళకు వెళ్ళింది. సరే, అమ్మ మణికట్టుకు ఖర్చయినది ఇంకా ఎక్కువేగదా అని సర్దిచెప్పుకుని బజారుకు బయల్దేరాను.

కొనేముందు ఈ యంత్రం సంగతి కొంత తెలుసుకున్నాను. దీని చరిత్రలో మా ఆవిడకు నచ్చిన ఘట్టం ఒకటి ఉంది. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ కార్చర్ అనే ఆయన 1935లో ఒక కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ 1950లో వేడినీళ్ళను గట్టి ఒత్తిడితో చిమ్మే యంత్రాన్ని తయారుచేసింది. యూరప్‌లో ఆ తరహాలో అదే మొదటిదంటారు. 1959లో ఆయన పోతే, ఆయన భార్య ఇరీన్ కంపెనీ పగ్గాలు పట్టుకుని నడిపించింది. "చూశారా!" అంది మా ఆవిడ. ఎందుకన్నదో నేను అడగలేదు. ఇళ్ళలో వాడుకోడానికి వీలుగా, చేత్తో మోసుకుపోయే చిన్న యంత్రం ఆ కంపెనీనుంచి 1984లో వచ్చింది. అమెరికాలో రష్‌మోర్ కొండమీద నలుగురు ప్రెసిడెంట్ల ముఖాలు చెక్కి ఉన్నాయి చూడండి, 2005లో ఆ ముఖాలకు పట్టిన పాచి కడిగిందీ వాళ్ళ యంత్రాలే. ప్రెసిడెంట్ల మొహం కడిగినది మా నాపరాళ్ళు కడగలేదా అని నాకూ ఉత్సాహం పుట్టింది. ఇప్పుడు మనదేశంలో ఇలాంటి యంత్రాలు చాలా పేర్లతో దొరుకుతున్నాయి.

లోపలి కీలకం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మోటారు తిరుగుతూ ఒక వాలుపళ్ళేన్ని తిప్పుతుంది. ఆ పళ్ళెం మూడు చిన్న ముషలకాలను ఒకదాని తరవాత ఒకటి నెడుతుంది. నీటిని నొక్కితే కుదించుకుపోయే గుణం లేదు. అంచేత అది ఉన్న ఒక్క సన్నటి బెజ్జంలోంచి విసురుగా బయటికి దూకుతుంది. ఎంత విసురు అంటే, కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త పైన ఉంటుంది. ఇంటికి కొనే వాషరు 100 బార్లకు అటూ ఇటూ ఇస్తుంది. ఇంకోలా చెప్పాలంటే, నీళ్ళట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కింద కుళాయి దగ్గర ఒక బారు ఒత్తిడి వస్తుంది. 100 బార్లు రావాలంటే ట్యాంకు కిలోమీటరు ఎత్తున ఉండాలి. తిరుమల ఆలయం సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ట్యాంకును అంతకన్నా పైన పెట్టి, సముద్రపొడ్డున కుళాయి తిప్పినట్టన్నమాట.

ఇది కాగితంమీద చదివినప్పుడు బాగానే ఉంది. దీనర్థం ఏమిటో వినాయకచవితికి రెండురోజుల ముందు తెలిసింది.

యంత్రం పెట్టెలోంచి తీసి, డాబామీది ట్యాంకునుంచి వచ్చే కుళాయికి గొట్టం తగిలించి, మీట నొక్కాను. నాలుగుసార్లు గుక్కపట్టి దగ్గి ఊరుకుంది. మా డాబా ఎత్తు నాలుగు మీటర్లు. అర బారు ఒత్తిడికూడా రాదు. పైగా గొట్టంలో గాలి. కుళాయి విప్పి, మోటారు వెయ్యకుండా తుపాకి మీట నొక్కిపట్టుకుని, గాలంతా పోయి నీటిధార నిలకడగా వచ్చాక అప్పుడు స్విచ్చి వెయ్యాలట. ఆ ముక్క పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది. నేను చదవలేదు. పిల్లలకు ప్రశ్న సాంతం చదవండర్రా అని జీవితమంతా చెప్పినవాణ్ణి! చివరికి ఒక డ్రమ్ము నిండా నీళ్ళు పట్టి, అందులోంచి పీల్చుకునే ఏర్పాటు చేశాక యంత్రం గొంతు సవరించుకుంది. డ్రమ్ములోంచి పీల్చుకోలేని యంత్రాలుకూడా ఉన్నాయి. మనలాగ ట్యాంకునీళ్ళమీద బతికేవాళ్ళు ఇది ముందే అడిగి కొనాలి.

ఆ తరవాత గంటన్నర నన్ను పట్టుకోడం ఎవరి తరమూ కాలేదు. ధార వెళ్ళినచోటల్లా పచ్చరాయి నల్లరాయిగా మారుతోంది. అలాంటి పనిలో ఒక వెర్రి ఆనందం ఉంటుంది సుమండీ! పేరు రాసి చూసుకున్నాను, ముగ్గు వేసి చూసుకున్నాను. ఇంకా బాగా వదలాలని గిర్రున తిరిగే నాజిల్ తగిలించి, బెత్తెడు దూరంనుంచి కొట్టాను. పెరడు అయ్యాక ప్రహరీగోడ, గోడ అయ్యాక కారు.

సాయంత్రం తీరిగ్గా చూస్తే, నాపరాళ్ళ సందుల్లో సిమెంటు దరజులు సగానికిపైగా లేచి కాలవలో పడి ఉన్నాయి. ప్రహరీగోడ రంగు పొలుసులు పొలుసులుగా ఊడింది. కారు ముందుభాగంలో ఎక్కడో రాయి తగిలి చిన్న పెచ్చు లేచినచోట, రూపాయిబిళ్ళంత మేర రంగే లేదు. దరజులు మళ్ళీ నింపడానికి తాపీమేస్త్రి 3,500 అడిగాడు. లెక్క కాగితం తీసి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

మరునాడు పనికి వచ్చిన పనిమనిషి పెరడంతా చూసింది. యంత్రాన్నీ చూసింది. కాసేపు ఏమీ అనకుండా నిలబడి, "అమ్మగారండీ, అయితే ఇంక పెరడుకి నేనక్కర్లేదాండీ?" అని అడిగింది. ఆ 500 రూపాయలు వానాకాలంలో వాళ్ళ పిల్లవాడి పుస్తకాలకు పోతాయని నాకు అప్పుడే తెలిసింది. మా ఆవిడ, "ఎవరన్నారే? ఇది తిప్పేదీ నువ్వే. మేస్టారు తిప్పితే ఏమయిందో చూస్తున్నావుగా" అంది. నేను కిమ్మనలేదు.

నిజానికి ఆ అమ్మాయి నాకంటే నయం. జానెడున్నర దూరం పాటిస్తుంది, ఏటవాలుగా కొడుతుంది, ఒకేచోట నిలబెట్టదు. మొదటిరోజున చెప్పుల్లేకుండా రాబోతే మా ఆవిడ ఆపి, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు తెప్పించి ఇచ్చింది. ఇది సరదాకు చెప్పడం లేదు. ఆ ధార దగ్గరనుంచి కాలికో చేతికో తగిలితే చర్మం చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనబడుతుంది. లోపల మురికినీళ్ళు ఎంతదూరం వెళ్ళాయో తెలియదు. పసుపు అద్ది ఊరుకోకుండా ఆ క్షణాన ఆస్పత్రికి వెళ్ళాల్సిన గాయం అది. పిల్లలు హోళీ ఆటనుకుని ముచ్చటపడి దగ్గరకు వస్తారు. అలాంటప్పుడు ప్లగ్గు పీకెయ్యండి, మొహమాటం వద్దు. కరెంటు సంగతికూడా అంతే. 1,500 వాట్ల మోటారు మామూలు ప్లగ్గులో పెట్టకూడదు. గీజరుకు వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, దానికి ఎర్తు సరిగ్గా ఉండాలి. కాళ్ళకింద నీళ్ళు, చేతిలో కరెంటు యంత్రం. మేము ఎలక్ట్రీషియన్ని పిలిచి ఈఎల్‌సీబీ పెట్టించాకే రెండోసారి తిప్పాం.

ఇక అసలు చిత్రం వినండి. అంత కష్టపడి కడిగితే, మూడువారాల్లో పాచి మళ్ళీ మొలిచింది. అదీ ముందుకన్నా ఒత్తుగా! దరజులు పోయిన సందుల్లో నీళ్ళు నిలిచి దానికి ఇంకా బాగా కుదిరింది. అమ్మ గుమ్మంలోంచి చూసి, "నే చెప్పలేదుట్రా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళి ఇంజనీరుగారిమీద పడ్డాను. ఆయన నవ్వి, మా పెరడు ఒక చుట్టు తిరిగి, "మాస్టారూ, మీరు జుట్టు కత్తిరించారు, కుదుళ్ళు ఉంచేశారు. ధారకు పైన కనబడేదే పోతుంది. రాతి రంధ్రాల్లో ఉన్నది మళ్ళీ వస్తుంది. అదలా ఉంచండి, అసలు ఇక్కడ పాచి ఎందుకు పడుతోందో చూశారా?" అన్నారు.

చూడలేదు. ఆయన చూపించారు. ఒకటి, పనసచెట్టు కొమ్మ పెరడు సగం కమ్మేసి ఎండ రానివ్వడం లేదు. రెండు, డాబామీది ట్యాంకు నిండితే పొర్లిన నీళ్ళు గోడవెంట కారి సరిగ్గా తులసికోట దారిలోనే పడుతున్నాయి. మూడు, రాళ్ళ వాటం కాలవ వైపు లేదు, ఇంటివైపు ఉంది. అరవైయేళ్ళనాడు పరిచిన రాళ్ళు కుంగిపోయి ఉంటాయి. నీళ్ళు నిలవకుండా, ఎండ తగిలేటట్టు చేస్తే పాచికి బతుకే లేదు.

దరజులకోసం వచ్చిన మేస్త్రిచేతనే ఇరవై రాళ్ళు లేపించి వాటం సరిచేయించాం. కొమ్మ కొట్టించాం. ట్యాంకు పొర్లుగొట్టాన్ని కాలవలోకి తిప్పించాం. అన్నీ కలిపి యంత్రం ఖరీదంత అయింది. ఆ తరవాత ఇంజనీరుగారు చెప్పిన పద్ధతిలో కడిగాం. ముందురోజు బ్లీచింగుపొడి నీళ్ళలో కలిపి రాళ్ళమీద చల్లి, కాసేపు నాననిచ్చి, పొరకతో తోమాం. ఆనక యంత్రంతో కడిగాం. బ్లీచింగుపొడి వాడే రోజున యాసిడ్ సీసా జోలికి పోకండి. రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది. "ఒరే, ఆ తెల్లపొడి తులసమ్మ మొదట్లో పడనిస్తావేమో, చూసుకో" అని లోపలినుంచి అమ్మ కేక. కోట చుట్టూ మట్టికట్ట వేసి మరీ చల్లాం.

నీళ్ళ సంగతి. ఇవి నీళ్ళు ఆదా చేస్తాయని అమ్మేవాళ్ళు చెబుతారు. నేను బకెట్టు పెట్టి కొలిచాను. 15 లీటర్ల బకెట్టు తోట గొట్టంతో నిమిషంలో నిండింది. యంత్రంతో రెండున్నర నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి ఆరు లీటర్లు. గొట్టం వదిలేసి కారు కడిగే అలవాటున్నవాళ్ళకు ఆదా నిజమే. పావుగంటకు 225 లీటర్లు పారబోసే చోట, పది నిమిషాల్లో 60 లీటర్లతో పని అవుతుంది. కాని మా నాన్నగారు స్కూటరు తుడిచినట్టు రెండు బకెట్లు, ఒక పాతగుడ్డతో చేస్తే 30 లీటర్లు చాలు. మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. 2024 మార్చిలో అక్కడ నీటికటకట వచ్చి, మంచినీళ్ళతో బళ్ళు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఆ వేసవంతా వాడు తడిగుడ్డతోనే కారు తుడుచుకున్నాడు. కారుకేమీ కాలేదు. ఇప్పుడు నేనూ కారుకు రెండు బకెట్ల పద్ధతిలోకే వచ్చాను. చక్రాల లోపలి బురదకు తప్ప యంత్రం తీయను. కరెంటు మాత్రం భయపడాల్సినంత లేదు. గంటన్నర తిప్పితే రెండుంపావు యూనిట్లు, పాతిక రూపాయలకు మించదు.

కొనేవాళ్ళకు మరొక్క మాట. పెట్టెమీద పెద్ద అక్షరాలతో ఉండే బార్ల సంఖ్య గరిష్ఠం మాత్రమే. పనిచేసేటప్పుడు ఉండే ఒత్తిడి అంతకన్నా తక్కువ, అది లోపల చిన్న అక్షరాలలో ఉంటుంది. బార్లకన్నా నిమిషానికి ఎన్ని లీటర్లో చూడండి. మురికిని కొట్టుకుపోయేది నీరేగదా. ఇండక్షన్ మోటారుది బరువు, ఖరీదు ఎక్కువ. కాని గోల తక్కువ, మన్నిక ఎక్కువ. మీ ఊళ్ళో బాగుచేసేవాడు ఉన్నాడా అనేది అన్నిటికన్నా ముఖ్యం. బోరునీళ్ళయితే లోపలికి నీళ్ళు పోయేచోట ఉండే జల్లెడను తరచు విప్పి కడగాలి. మాకు రెండునెలలకే ఇసుక పట్టేసింది. గేట్లు, కిటికీల దోమతెరలు, ప్లాస్టిక్ కుర్చీలు దీంతో ముచ్చటగా తేలుతాయి. చెక్కతలుపులు, సున్నపు గోడలు, ఏసీ వెనక ఉండే సన్నటి రేకులు, కరెంటు మీటరు ఉన్న గోడ, వీటి వైపు మాత్రం తిప్పకండి.

ఇంతకూ కొనదగిన వస్తువేనా అంటారా? అపార్టుమెంటులో ఉంటూ, ఒక కారూ ఒక స్కూటరూ ఉన్నవాళ్ళకు నేను కొనమని చెప్పను. రాళ్ళు పరిచిన వాకిలో పెరడో ఉండి, ఇంట్లో పెద్దవాళ్ళు తిరుగుతూంటే కొనమంటాను. అప్పుడైనా ముందు మేస్త్రిని పిలిచి వాటం చూపించుకోండి. ఇంటింటికీ ఒకటి అక్కర్లేదు. సంవత్సరం పైగా వాడాక చూస్తే, వాటం సరిచేశాక మాకు దాని అవసరం ఏడాదికి నాలుగుసార్లు పడింది. మిగతా రోజులన్నీ మంచంకింద కూచుంటుంది. ఇంజనీరుగారి పాతది ఈమధ్య చెడిపోతే ఆయన కొత్తది కొనబోయారు. నేను వద్దన్నాను. మాదీ ఆయనదీ ఎదురింటివారిదీ మూడిళ్ళకూ ఇదే తిరుగుతోంది. బాగుచేత ఖర్చు మూడు వాటాలు. మూడిళ్ళలోనూ తిప్పేది మా పనిమనిషే. ఇల్లొక్కంటికి 500 ఆవిడే చెప్పింది, మేం బేరమాడలేదు. నెలకో ఆదివారం వాళ్ళాయన ఆటో మా గేటుముందు ఆగుతుంది. దాన్ని కడగడానికి మాత్రం ఆ అమ్మాయి భర్తచేతికి తుపాకి ఇవ్వదు.

అమ్మ సంగతి చెప్పలేదుగదూ. వాటం సరిచేసిన పదిహేను రోజులకు కార్తీకమాసం వచ్చింది. పాడ్యమినాడు తెల్లవారుజామున లేచి చూస్తే వంటింటి తలుపు తీసి ఉంది. గాభరాగా వెళ్ళాను. ఆవిడ గడపమీద కూచుని, కుడికాలు కిందికి దింపి, బొటనవేలితో మొదటి రాయిని రాచి చూస్తోంది. తరవాత రెండోది. నేను చెయ్యి అందించబోయాను.

"ఉండరా, గరుగ్గానే ఉంది" అంది. దీపం ప్రమిద ఎడంచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి గోడకు ఆనించి, ఒక్కొక్క రాయే లెక్కపెట్టుకుంటున్నట్టు నడుస్తూ కోటదాకా వెళ్ళింది.